ప్లాటు నాది, రిజిస్ట్రేషన్ నాది. కింద షట్టర్లు వేయడానికి అసోసియేషన్ ఎన్‌ఓసీ ఎందుకు?

ప్లాట్‌నంబర్_86
హెచ్‌ఎండీఏ (హైదరాబాద్ మహానగరాభివృద్ధి సంస్థ) లేఅవుట్‌లో 300 గజాల ప్లాటు, రీసేల్‌లో కొన్నది. వెస్ట్ ఫేసింగ్, ముందు 40 అడుగుల రోడ్డు, కొలతలు 40 × 67.5. ముప్పై ఏళ్ల ఈసీ (స్థలం మీద రిజిస్టరైన లావాదేవీలు చూపే పత్రం) తీయించాను, తనఖా లేదు, కోర్టు అటాచ్‌మెంటు లేదు. బ్యాంకు లాయరు కూడా టైటిల్ క్లియర్ అని రాసిచ్చాడు. కింద మూడు షట్టర్లు, పైన మూడు ఫ్లోర్లు పీజీ హాస్టల్‌కి ఇద్దామని ప్లాను. అసోసియేషన్ వాళ్లేమో "కమర్షియల్ కుదరదు, మా ఎన్‌ఓసీ లేకుండా ఇటుకల లారీ గేటు దాటదు" అంటున్నారు. వెనకాల చిన్న నాలా ఉంది, దాని పేరు చెప్పి ఇంకొకరు భయపెడుతున్నారు. డబ్బు కట్టి కొన్న స్థలంలో నేనేం కట్టుకుంటే వీళ్లకేంటి నొప్పి?

షట్టర్‌శీను
అసోసియేషన్‌కి ఏ అధికారం లేదు అన్నా. వేసేయ్. కట్టాక ఎవడూ పడగొట్టడు.

ప్లాన్‌గీత
@షట్టర్‌శీను ఇలాంటి సలహాల వల్లే కూల్చివేత వార్తలు వస్తున్నాయి.

@ప్లాట్‌నంబర్_86 గారూ, మీరు రెండు సంగతులు కలిపేశారు. ఈసీ, టైటిల్ చెప్పేది స్థలం ఎవరిదీ అని. అందులో ఏం కట్టొచ్చో చెప్పేవి వేరే కాగితాలు, అవి ఈసీలో కనపడవు. మాస్టర్ ప్లాన్ జోను ఈసీలో రాదు. నాలా బఫర్ (నాలా పక్కన ఏమీ కట్టకుండా వదలాల్సిన పట్టీ) రాదు. రోడ్డు విస్తరణ గీత రాదు. బ్యాంకు లాయరు చూసేది బ్యాంకు డబ్బు వెనక్కి వస్తుందా అని మాత్రమే.

ముందు పర్మిషన్ వైపు లెక్క చూద్దాం. 300 గజాలంటే దాదాపు 251 చదరపు మీటర్లు. 2012 నాటి భవన నిర్మాణ నియమాల జీవో 168 ప్రకారం 200 నుంచి 300 చదరపు మీటర్ల స్లాబులో పడతారు. ఎత్తు 10 మీటర్ల దాకా, పార్కింగ్‌కి స్టిల్ట్, అంటే గోడల్లేని కింది అంతస్తు. 12 మీటర్ల రోడ్డు మీద ముందు 2 మీటర్లు, మిగతా మూడు వైపులా 1.5 మీటర్ల చొప్పున వదలాలి, సెట్‌బ్యాక్ అంటే అదే. మీ కొలతలకి ఫ్లోరుకి సుమారు 1,690 చదరపు అడుగులు మిగులుతుంది.

మీరు షట్టర్లు అనుకుంటున్న చోటే ఆ స్టిల్ట్ ఉంటుంది. స్టిల్ట్ అని ప్లాన్ తీసుకుని దానికి గోడలు లేపి షట్టర్ బిగిస్తే అది డీవియేషన్. ఓసీ (ప్లాన్ ప్రకారం కట్టారు, వాడుకోవచ్చు అని ఇచ్చే పత్రం) రాదు.

ఈసీ_ఎంకన్న
ఓసీ రాకపోతే తనఖా కూడా విడుదల కాదు. మీ సైజుకి పర్మిషన్ ఇచ్చేటప్పుడు 10 శాతం బిల్టప్ ఏరియా మున్సిపాలిటీ పేరిట తనఖా రాయించుకుంటారు. ఓసీ వచ్చేదాకా ఆ తనఖా అలాగే ఉంటుంది, రేపు అమ్మబోతే కొనేవాడి ఈసీలో అదే మొదట కనపడుతుంది.

షట్టర్‌శీను
మా రోడ్డులో స్టిల్ట్‌లో టిఫిన్ సెంటర్, జిరాక్స్, చికెన్ షాపు అన్నీ ఉన్నాయి. ఎవరూ అడగలేదు.

ప్లాన్‌గీత
అడిగేదాకా ఎవరూ అడగరు. 500 చదరపు మీటర్లలోపు, 10 మీటర్లలోపు ఇళ్లకి 2020 చట్టం కింద సెల్ఫ్ సర్టిఫికేషన్‌తో వెంటనే పర్మిషన్ వస్తుంది. ఆన్‌లైన్ పోర్టల్ పేరు అప్పుడు బీపాస్, ఇప్పుడు బిల్డ్‌నౌ. బాగానే ఉంది గానీ, మీరు ఇచ్చిన డిక్లరేషన్‌కి విరుద్ధంగా కడితే నోటీసు లేకుండానే కూల్చొచ్చని అదే చట్టంలో ఉంది. పర్మిషన్ సులువైనకొద్దీ సంతకం బరువు పెరిగింది.

సర్వేయర్_సత్తి
నాలా సంగతి ఎవరూ పట్టించుకోలేదేం? అసలు దెబ్బ అక్కడ ఉంది.

నాలా వెడల్పు 10 మీటర్లలోపు అయితే దాని హద్దు నుంచి 2 మీటర్లు బఫర్. 10 మీటర్లు దాటితే 9 మీటర్లు. చెరువులకైతే ఎఫ్‌టీఎల్ (చెరువు పూర్తిగా నిండినప్పటి నీటి హద్దు) నుంచి లెక్క: 10 హెక్టార్లు, అంతకు మించితే 30 మీటర్లు, లోపైతే 9 మీటర్లు. చాలామంది పొరబడేది ఎక్కడంటే, ఈ బఫర్‌ని సెట్‌బ్యాక్ కింద లెక్కేసుకోనివ్వరు. బఫర్ వదిలాక, అక్కడి నుంచి మళ్లీ సెట్‌బ్యాక్.

మీ ప్లాటు వెనక హద్దే నాలా హద్దు అనుకుందాం. చిన్న నాలా అయితే వెనక 2 + 1.5 = 3.5 మీటర్లు పోతుంది, ఫ్లోరు 1,490 చదరపు అడుగులకి దిగుతుంది. పెద్ద నాలా అయితే వెనక 10.5 మీటర్లు, అంటే 34 అడుగుల పైమాట. మిగిలేది ఫ్లోరుకి 800. హాస్టల్ కాదు, డబుల్ బెడ్రూం ఇల్లు వస్తుంది.

ప్లాట్‌నంబర్_86
ఇప్పుడు నీళ్లు పారేది నాలుగు అడుగులే. చిన్నదే కదా?

సర్వేయర్_సత్తి
పారే నీళ్లు కాదు, రికార్డులో ఉన్న వెడల్పు. గ్రామ నక్షా (రెవిన్యూ పటం) తీసుకోండి, అందులో నాలా రెండు గీతలుగా ఉంటే స్కేలు మీద కొలవొచ్చు. పక్కవాళ్లు పూడ్చేసి నాలుగు అడుగులు చేసి ఉండొచ్చు, రికార్డులో 30 అడుగులు ఉండొచ్చు. ఇరిగేషన్ వాళ్లు కొలిచేది రికార్డు పట్టుకునే.

కంగారు పడకముందు ఇంకోటి చూడండి. ఫైనల్ లేఅవుట్ షీటులో మీ ప్లాటుకీ నాలాకీ మధ్య పచ్చ పట్టీ గీసి "బఫర్" అని ఉందా? లేఅవుట్ శాంక్షన్‌లోనే బఫర్ వదిలించి ఉంటే మీ ప్లాటులోంచి మళ్లీ పోదు. టెంటేటివ్ షీటు కాదు, ఫైనల్‌ది చూడండి. రెండింటికీ తేడా ఉంటుంది. డెవలపర్ బ్రోచర్ మీద ఉండే రంగుల మ్యాపు అసలు లెక్కలోకి రాదు.

గజం_గిరి
ఫైనల్ షీటు తీసినప్పుడే తనఖా ప్లాట్ల జాబితా కూడా చూడు అన్నా. డెవలప్‌మెంట్ పనులు పూర్తయ్యేదాకా 15 శాతం ప్లాట్లు అథారిటీకి తనఖా పెట్టిస్తారు. 86 ఆ లిస్టులో ఉండి విడుదల కాకపోతే కథ వేరే.

లైన్‌మన్_లచ్చన్న
పైన కరెంటు తీగలు కూడా చూసుకోండి. హెచ్‌టీ (హై టెన్షన్) లైనుకీ బిల్డింగుకీ మధ్య అడ్డంగా 3 మీటర్లు, ఎల్‌టీ (లో టెన్షన్) లైనుకి 1.5 మీటర్లు ఉండాలి. బాల్కనీ అంచు నుంచి కొలుస్తారు, గోడ నుంచి కాదు.

డాలస్_దొర
ఇక్కడ టెక్సస్‌లో గడ్డి కాస్త పెరిగితే హెచ్‌ఓఏ (ఇళ్ల యజమానుల సంఘం) నుంచి ఉత్తరం వస్తుంది. డ్యూస్ కట్టకపోతే ఇంటి మీదే లీన్ (బాకీ కింద హక్కు) వేస్తారు. ఇంకో విచిత్రం, హ్యూస్టన్ సిటీలో జోనింగ్ అనేదే లేదు. కాలనీల్లో షాపులు రాకుండా ఆపేది డీడ్‌లో రాసుకున్న షరతులే, వాటిని అమలు చేయించడానికి సిటీ తరఫు లాయర్లే కోర్టుకి వెళ్తారు.

గజం_గిరి
ఇక్కడ ఉత్తరం ఉండదు దొరా, కాలనీ వాట్సాప్ గ్రూపులో ఫొటో పెడతారు.

వకీల్‌సాబ్_నల్గొండ
డాలస్ దొరగారు యథాలాపంగా చెప్పినా అసలు పాయింటు దగ్గరికి వచ్చారు. అసోసియేషన్‌కి అధికారం ఎక్కడి నుంచి వస్తుంది? ప్రభుత్వం ఇవ్వలేదు. వస్తే డీడ్ నుంచి రావాలి, లేదా మీరు సంతకం పెట్టిన బైలాస్ (సంఘం నియమాలు) నుంచి రావాలి. రెండూ లేకపోతే అది కాలనీ పెద్దమనుషుల గుంపు మాత్రమే.

కాబట్టి @ప్లాట్‌నంబర్_86 గారూ, మీ సేల్ డీడ్ కాదు, లింకు డాక్యుమెంటు చూడండి. డెవలపర్ మొదటి కొనుగోలుదారుకి రాసిచ్చినది. షెడ్యూలుకి ముందు పేజీల్లో షరతులు ఉంటాయి.

ప్లాట్‌నంబర్_86
చూశాను. తొమ్మిదో పేజీలో ఉంది, యథాతథంగా రాస్తున్నా: "కొనుగోలుదారు, వారి వారసులు, హక్కుదారులు సదరు ప్లాటును నివాస ప్రయోజనమునకు మాత్రమే వినియోగించవలెను, లేఅవుట్ సంఘములో సభ్యులై సంఘ నియమములకు కట్టుబడి ఉండవలెను." నా డీడ్‌లో మాత్రం ఈ ముక్క లేదు. నాకు అమ్మినాయన పెట్టలేదు. అంటే నాకు వర్తించదు కదా?

షట్టర్‌శీను
మరీ మంచిది. నీ డీడ్‌లో లేనిది నీ మీదకి ఎలా వస్తుంది?

వకీల్‌సాబ్_నల్గొండ
వస్తుంది, రావొచ్చు. విడివిడిగా చూద్దాం.

ఆస్తి బదిలీ చట్టం సెక్షన్ 11 ఏం చెబుతుందంటే, పూర్తి హక్కులతో అమ్మేశాక దాన్ని ఇలాగే వాడుకో అని పెట్టే షరతు మామూలుగా చెల్లదు. షట్టర్‌శీను సంతోషపడేలోపు రెండో పేరా కూడా చదవాలి. అమ్మినవాడికి పక్కనే ఇంకో ఆస్తి ఉండి, దాని మేలైన అనుభవం కోసం ఆ షరతు పెట్టి ఉంటే ఆ హక్కు నిలుస్తుంది. లేఅవుట్‌లో మొదటి ప్లాట్లు అమ్మేనాటికి డెవలపర్ చేతిలో మిగతా ప్లాట్లన్నీ ఉంటాయి. కాబట్టి ఆ వాదన వాళ్లకి దొరుకుతుంది.

తర్వాత సెక్షన్ 40. ఇలాంటి షరతు తర్వాత కొన్నవాడి మీద కూడా పనిచేస్తుంది, అతనికి ఆ సంగతి తెలిసి ఉంటే. తెలియకుండా డబ్బిచ్చి కొన్నవాడి మీద పనిచేయదు. "నాకు తెలియదు" అని మీరు అనలేరు. రిజిస్టరైన దస్తావేజులో ఉన్నది తెలిసినట్టే లెక్క అని సెక్షన్ 3 వివరణ చెబుతుంది. అదీగాక ఆ లింకు డాక్యుమెంటు మీ బీరువాలోనే ఉంది.

ఇంకో తేడా గుర్తుంచుకోండి. "షాపు పెట్టకూడదు" లాంటి వద్దనే షరతు భూమి వెంట నడుస్తుంది. "నెలకి ఇంత కట్టు, గోడ కట్టించు" లాంటి చేయమనే షరతు అంత తేలిగ్గా కొత్త యజమానికి అంటుకోదు. మెయింటెనెన్స్ బాకీలు పాత ఓనరువి మీ మీద వేస్తే పోట్లాడండి. షట్టర్ల సంగతిలో మాత్రం వాళ్ల చేతిలో పేపరు ఉంది.

ప్లాట్‌నంబర్_86
అయితే లారీని గేటు దగ్గర ఆపే హక్కు కూడా ఉన్నట్టేనా?

గజం_గిరి
అది వేరే. గేటు కథ నేను చెప్తా. హెచ్‌ఎండీఏ ఓపెన్ ప్లాట్ల లేఅవుట్ అంటే ఫైనల్ అప్రూవల్‌కి ముందే రోడ్లు, పార్కు స్థలం గిఫ్ట్ డీడ్ రాసి పంచాయతీకో మున్సిపాలిటీకో ఇచ్చేస్తారు. ఆ క్షణం నుంచి నీ 40 అడుగుల రోడ్డు పబ్లిక్ రోడ్డు. దాని మీద గేటు పెట్టి లారీ ఆపడానికి వీళ్లెవరు? గేటెడ్ కమ్యూనిటీగా గ్రూప్ డెవలప్‌మెంట్ పర్మిషన్ తీసుకున్నదైతే లెక్క మారుతుంది. ఓపెన్ ప్లాట్లకి ఆర్చి కట్టి, సెక్యూరిటీ గార్డుని కూర్చోబెట్టి గేటెడ్ అని పిలుచుకునేవే ఎక్కువ.

చేయాల్సింది: సబ్-రిజిస్ట్రార్ ఆఫీసులో ఆ గిఫ్ట్ డీడ్ సర్టిఫైడ్ కాపీ తీసుకో. నంబరు తెలియకపోతే లేఅవుట్ సర్వే నంబర్ల మీద ఈసీ కొట్టించు, డెవలపర్ ఇచ్చినవాడుగా, పంచాయతీ పుచ్చుకున్నదిగా ఒక ఎంట్రీ ఉంటుంది. ఆ కాపీ జతచేసి మున్సిపల్ కమిషనర్‌కి ఒక అర్జీ.

వకీల్‌సాబ్_నల్గొండ
@గజం_గిరి చెప్పింది సరైందే. దీన్ని షరతుతో కలపొద్దు. గేటు ఆపడం వాళ్ల తప్పు, షట్టర్ వేయడం మీ తప్పు. రెండూ ఒకేసారి నిజం కావొచ్చు. షరతు మీరితే వాళ్లు చేయాల్సింది సివిల్ కోర్టులో ఇంజంక్షన్‌కి (పని ఆపమనే ఉత్తర్వుకి) వెళ్లడం, లారీకి అడ్డం నిలబడటం కాదు.

ఈసీ_ఎంకన్న
అసోసియేషన్ ఎన్‌ఓసీ పర్మిషన్ అప్లికేషన్‌లో అడగరు. సేల్ డీడ్, లింకు, లేఅవుట్ కాపీ, ప్లాన్, అంతే.

అనంత_డీకేటీ
మధ్యలో దూరుతున్నా. మా అనంతపురం వైపు ఈసీ క్లియర్‌గానే ఉంటుంది, అడంగల్‌లో (సాగు రికార్డులో) పేరూ ఉంటుంది, తీరా రిజిస్ట్రేషన్‌కి వెళ్తే "22ఏ" అని వెనక్కి పంపుతారు. ఇదేం కంట్రోలు?

మోడరేటర్
వేరే థ్రెడ్ పెట్టాల్సింది. సరే, క్లుప్తంగా కానివ్వండి.

రెవిన్యూ_రంగారావు
రిజిస్ట్రేషన్ చట్టానికి 2007లో చేసిన సవరణ అది. సెక్షన్ 22ఏ కింద రిజిస్ట్రేషన్ చేయకూడనివి ఐదు రకాలు: చట్టం బదిలీ నిషేధించినవి (ప్రభుత్వం పేదలకి ఇచ్చిన అసైన్డ్ భూములు ఇక్కడే), ప్రభుత్వ భూములు, దేవాదాయ–వక్ఫ్, సీలింగ్ మిగులు, ఇక ఐదోది ప్రభుత్వానికి ఏదో ప్రయోజనం ఉందని నోటిఫై చేసినవి. ఐదో రకానికి గెజిట్ తప్పనిసరి, తొలగింపుకి ప్రభుత్వానికే అర్జీ పెట్టుకోవాలి. మొదటి నాలుగింటికి సంబంధిత అధికారులు పంపే జాబితాలే ఆధారం. 2015 డిసెంబరులో హైకోర్టు ఫుల్ బెంచ్ దీని మీద వివరంగా తీర్పిచ్చింది.

తరచూ జరిగే తప్పు ఇది: సర్వే నంబరులో రెండెకరాలు ప్రభుత్వానిదైతే సబ్‌డివిజన్ చూడకుండా మొత్తం నంబరు జాబితాకి ఎక్కిస్తారు. రిజిస్ట్రేషన్ శాఖ సైటులో నిషేధిత ఆస్తుల పేజీ ఉంటుంది, అడ్వాన్సు ఇవ్వకముందే సర్వే నంబరు కొట్టి చూడాలి.

మీది డీకేటీ (అసైన్డ్ పట్టా) అయితే పట్టా తేదీ ముఖ్యం. ఆంధ్ర ప్రాంతంలో 1954 జూన్ 18కి ముందు, తెలంగాణలో 1958 జూలై 25కి ముందు, అమ్మకూడదన్న షరతు లేకుండా ఇచ్చినవి 1977 అసైన్డ్ చట్టం కిందకి రావు. పట్టా కాగితం, ఆర్‌ఎస్‌ఆర్ (రీసెటిల్‌మెంట్ రిజిస్టర్) నకలు, పాత అడంగల్ జతచేసి కలెక్టర్‌కి పెట్టాలి. ఆర్‌ఎస్‌ఆర్‌లో పట్టాదారు గడిలో పేరు బదులు చుక్కలుంటే 2017 చుక్కల భూముల చట్టం దారి వేరు. 20 ఏళ్లు దాటిన అసైన్డ్ భూములకి 2023 సవరణతో ఫ్రీహోల్డ్ (అమ్ముకునే పూర్తి హక్కు) ఇచ్చారు గానీ, 2024లో ప్రభుత్వం మారాక ఆ రిజిస్ట్రేషన్లు ఆపారు. ఫ్రీహోల్డ్ అని చెప్పి అమ్మజూపితే తొందరపడి డబ్బివ్వొద్దు.

అనంత_డీకేటీ
1961 పట్టా. దణ్ణం.

పార్శీగుట్ట_ప్రసాద్
మళ్లీ షరతుల దగ్గరికి. "ఫలానా వాళ్లకే అమ్మాలి" అని డీడ్‌లో రాస్తే? మా వైపు ఒక సొసైటీలో అలా ఉంది.

వకీల్‌సాబ్_నల్గొండ
డీడ్‌లో అమ్మకాన్ని పూర్తిగా అడ్డుకునే షరతు సెక్షన్ 10 కింద చెల్లదు. సొసైటీ బైలాస్ అయితే వేరే సంగతి. అహ్మదాబాద్‌లో పార్శీలకే సభ్యత్వం అన్న హౌసింగ్ సొసైటీ బైలాని 2005లో సుప్రీంకోర్టు సమర్థించింది. ఇష్టపడి సభ్యుడిగా చేరావు, నియమం తెలిసే చేరావు, అని.

షట్టర్‌శీను
సరే సార్, మొత్తం కాలనీలో ఇప్పటికే పది షాపులుంటే? ఆ పదిమందిని వదిలేసి ఈయన్ని మాత్రం ఆపుతారా?

వకీల్‌సాబ్_నల్గొండ
ఈ థ్రెడ్‌లో మీరు అడిగిన మొదటి మంచి ప్రశ్న. ఇంజంక్షన్ ఇవ్వడం కోర్టు విచక్షణ. ఏళ్ల తరబడి షాపులు నడుస్తుంటే నోరుమెదపని అసోసియేషన్ ఇప్పుడొచ్చి ఒక్కరి మీద పడితే, మీరే షరతుని వదులుకున్నారు కదా అని కోర్టు అనొచ్చు. ఈ వాదన కావాలంటే రుజువు ఉండాలి: ఏ ప్లాటు నంబరు, ఏ షాపు, ఎప్పటి నుంచి, ట్రేడ్ లైసెన్సు తేదీ, కరెంటు మీటరు ఎప్పుడు ఇంటి కేటగిరీ–1 నుంచి కమర్షియల్ కేటగిరీ–2కి మారింది. నోటిమాట చాలదు. ఇది అసోసియేషన్ మీద పనిచేస్తుంది, మున్సిపాలిటీ మీద పనిచేయదు. పక్కవాడూ స్టిల్ట్ మూశాడు అన్నది డీవియేషన్‌కి జవాబు కాదు.

ప్లాట్‌నంబర్_86
పది లేవు. మెయిన్ రోడ్డు బిట్ల మీద రెండున్నాయి.

ప్లాన్‌గీత
ఆ బిట్లు లేఅవుట్ షీటులోనే కమర్షియల్ అని చూపించి ఉంటారు, చూడండి. అలాగైతే అవి మీకు ఉదాహరణ కావు.

మీ ప్లాటుకి సరైన వరుస నా లెక్కలో ఇది. ముందు ఫైనల్ షీటు, నాలా పట్టీ కోసం. తర్వాత మాస్టర్ ప్లాన్ 2031లో మీ సర్వే నంబరు ఏ జోను, మీ రోడ్డుకి విస్తరణ ఉందా. విస్తరణ ఉంటే సెట్‌బ్యాక్ కొలిచేది కొత్త రోడ్డు గీత నుంచి, ఇప్పటి ప్రహరీ నుంచి కాదు. రోడ్డు 12 మీటర్లు దాటితే మీ స్లాబులో ముందు సెట్‌బ్యాక్ 2 నుంచి 3 మీటర్లకి పెరుగుతుంది. అందుకే షీటులో 12 మీటర్లు అని ఉందా, ఇంకేమైనా ఉందా అన్నది చూసుకోండి. నేల మీద టేపు పెడితే 40 అడుగులు 12.19 వస్తుంది, దాని మీద కూడా కొర్రీ పెట్టినవాళ్లున్నారు. ఇవన్నీ తేలాకే డ్రాయింగ్. ఆర్కిటెక్ట్‌కి ముందే డబ్బిచ్చి మూడుసార్లు ప్లాను మార్పించుకోవడం దండగ.

ప్లాట్‌నంబర్_86
షట్టర్లు వదిలేసి స్టిల్ట్ అలాగే ఉంచి, పైన మూడు ఫ్లోర్లు హాస్టల్‌కి ఇస్తే? అది నివాసమే కదా?

వకీల్‌సాబ్_నల్గొండ
అక్కడ నాకూ గీతగారికీ పడదేమో. ఫ్యామిలీకి అద్దెకిస్తే నివాసమే, సందేహం లేదు. గదికి నలుగురిని పెట్టి, కింద మెస్ నడిపి, బోర్డు కడితే అది వ్యాపారమని అసోసియేషన్ వాదిస్తుంది. "నివాస ప్రయోజనము" అన్న మాటని కోర్టు ఎటైనా లాగొచ్చు. నేనైతే బోర్డు లేకుండా, మొత్తం ఫ్లోరు ఒకే లీజుగా ఇవ్వమంటా.

ప్లాన్‌గీత
పడదు, నిజమే. లీజు ఎలా రాసినా మున్సిపాలిటీ చూసేది వాడకాన్ని. రెసిడెన్షియల్ ప్లాన్‌లో ఫ్లోరుకి ఎనిమిది గదులు, ఎనిమిది బాత్రూములు గీస్తే స్క్రూటినీలోనే తెలిసిపోతుంది. మామూలు టూ బీహెచ్‌కే గీసి లోపల ప్లైవుడ్ పార్టిషన్లు కొట్టేవాళ్లున్నారు. ఫైర్ వాళ్లు ముందు పట్టుకునేది ఆ పార్టిషన్లనే. ఫ్లోరుకి రెండు ఫ్లాట్లుగా గీసి ఫ్యామిలీలకి ఇవ్వండి. అద్దె కొంచెం తగ్గుతుంది, ఓసీ వస్తుంది, తనఖా విడుదలవుతుంది.

లైన్‌మన్_లచ్చన్న
హాస్టల్ నడుపుతున్నారని తనిఖీలో తేలితే కరెంటు కేటగిరీ–1 నుంచి 2కి మార్చి, వెనకటి తేడా కూడా బిల్లులో వేస్తారు. ఆ బిల్లు మీటరు ఎవరి పేరు మీదుంటే వాళ్లకే వస్తుంది, హాస్టల్ వాడికి కాదు. లీజులో ఆ ముక్క రాయించుకో.

ప్లాట్‌నంబర్_86
ఫైనల్ షీటు కోసం ఇవాళే అర్జీ పెట్టా. నాలా పట్టీ ఉందో లేదో తేలాక ఇక్కడే స్కాన్ పెడతా.

సర్వేయర్_సత్తి
స్కేలు బార్ కనపడేలా స్కాన్ చేయండి. ఫోన్‌తో ఏటవాలుగా తీసిన ఫొటో మీద నాలా కొలవమంటే నా వల్ల కాదు.